మానులోంచి వచ్చిన జవాబు

తొమ్మిది రోజులు వెతికేసరికి పిట్టలక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. పక్షుల లెక్క రాయడం ఆవిడ ఉద్యోగం కాబట్టి ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. రేపు పొద్దున్నే ఈ అడవిని కొట్టేస్తారు. అరుదైన నల్ల వడ్రంగి పిట్ట ఒక్కటైనా ఉందని ఈ రాత్రిలోగా రుజువు పంపితే ఆ నరుకుడు ఆగుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడే నయం, వాడికి ఎలుకైనా దొరికింది.

దాన్ని వెతికే పద్ధతి తేలికే. ఎండిన మాను మీద దాని దరువులాగే కొట్టాలి. తన హద్దులోకి ఇంకో పిట్ట చొరబడిందనుకుని, "ఇది నాది, పో" అన్నట్టు అదీ తిరిగి కొడుతుంది. దరువు వినిపించే స్పీకరు మధ్యాహ్నమే చచ్చింది. ఇక చేతిలో మిగిలింది కర్రసుత్తి.

పొద్దు వాలింది. తడి చెక్క వాసన. కీచురాళ్ళు కూడా నోరు మూసుకున్నాయి. విసురుగా మూడు దెబ్బలు వేసింది.

టక్, టక్, టక్.

కాసేపటికి...

టక్, టక్, టక్.

గబగబా రికార్డరు నొక్కింది. పిట్ట దరువైతే లెక్కపెట్టలేనంత వేగంగా ఉంటుంది. ఇది తీరిగ్గా, మూడే కొట్టింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ నాలుగు కొట్టింది.

నాలుగు వచ్చాయి.

"ఎవరయ్యా అది? ఇన్నాళ్ళూ ఏడిపించింది చాలక పరాచికాలా?" అని అరిచింది.

తోడు వచ్చిన అడవి కాపలాదారు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "అరవకు తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ మానులోంచే వస్తోంది."

"తొర్రలో ఉందేమో బాబాయ్."

"దీనికి తొర్ర లేదమ్మా."

ఆవిడ మానుకి చెవి ఆనించింది.

టక్.

సరిగ్గా చెవి ఆన్చిన చోటే... లోపలి నుంచి.

ఇద్దరూ వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తారు.

గదికి వచ్చాక రికార్డింగు పంపేసింది. "పిట్ట ఉంది" అని రాసింది. దరువు వేగం గురించి రాయలేదు. సిగ్గేసింది. కానీ తొమ్మిది రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరు కానివ్వడం ఆవిడ వల్ల కాలేదు.

తెల్లారి ఆఫీసు నుంచి పెద్దసారు ఫోను.

"శభాష్ అమ్మా! ఇక ఆ అడవి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు."

నవ్వుతూ తలుపు తీయబోయి ఆగింది. గడియ రాత్రి వేసినట్టే ఉంది. గడప దగ్గర, గది లోపల, తాజా చెక్క పొట్టు కుప్పగా పడి ఉంది. తలుపుకి లోపలి వైపు బొటనవేలు దూరేంత గుండ్రటి కన్నం. భయంభయంగా తలుపు తెరిచి అవతలి వైపు తడిమింది. అక్కడ చెక్క నున్నగా ఉంది.

అంటే తొలిచింది ఏదో, బయటికి పోలేదు.

"అమ్మా, వింటున్నావా?" అంటున్నాడు పెద్దసారు.

ఆవిడ చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. అరచేతి కింద, చెక్కలోంచి, తీరిగ్గా...

టక్, టక్, టక్.

తర్వాత నిశ్శబ్దం. జవాబు కోసం ఆగినట్టు.