అడగాలి అనే ముద్ర

ఇందుమతి రాసిన మార్పకి, ఒక పద్ధతి ముద్రల్ని ఇంకో పద్ధతిలోకి మార్చే ప్రోగ్రాం, కొసకొండ భాషని మళ్ళీ మింగి మళ్ళీ కక్కింది. తెర మీద ఒకవైపు ఏది నామమో ఏది క్రియో చెబుతూ మాటమాటకీ కొండవాళ్ళు వేసుకున్న పాత ముద్రలు, రెండోవైపు అన్ని భాషలకీ ఒకటేగా పెట్టిన సమముద్రలు. నామం నామంలోకి, క్రియ క్రియలోకి బుద్ధిగా నడిచిపోతున్నాయి. ఒక్క ముద్ర మాత్రం గుమ్మం దగ్గరే మొండికేస్తోంది.

దాని పేరు 'అడగాలి'. కొసకొండలో ముద్రలు వేసే ఆడవాళ్ళు, ఏ మాటైనా ఎటూ తేలకపోతే ఆ ముద్ర కొట్టి, ఊరికి పెద్దదైన గంగులమ్మ ఇంటికి వెళ్ళి అడిగి వచ్చేవారు. సమముద్రలో సందేహానికి చోటు లేదు. లోకంలోని భాషలన్నిటినీ ఒక దారిన పెట్టిన పద్ధతికి, తెలియదని ఒప్పుకోవడం నామోషీ.

"ఏది కావచ్చో ఊహించి వేసి పంపెయ్యమ్మా," అన్నారు ఇందుమతి పనిచేసే భాషల కేంద్రం అధికారి నాగభూషణం గారు. "మిగతా భాషలన్నీ అలాగే వెళ్ళాయి. సాయంత్రం భాషలన్నీ కలిపే విలీనానికి నీదొక్కటే అడ్డం."

"కొండ ఆసుపత్రిలో యంత్రం రోగులతో మాట్లాడేది ఈ ముద్రల్ని చూసే కదండీ. ఊహ తప్పితే మందు తప్పుతుంది."

"చాలామందికి సరిపోతుంది."

"సరిపోనివాళ్ళని ఎవరికి అప్పగించమంటారు?"

ఆయన గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. ఇందుమతికి ఒళ్ళు మండింది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే పని తన చేత్తో చెయ్యదలచుకోలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, మార్పకిలో ఊహించే భాగాన్ని మొత్తం కొట్టేసింది. దాని స్థానంలో ఒకే ఆజ్ఞ రాసింది: ఈ ముద్ర ఎదురైతే ఆగు, గంగులమ్మకి ఫోన్ చెయ్యి, ఆమె చెప్పేదాకా కదలకు.

సాయంత్రం విలీనం మొదలైంది. భాషలు ఒకదాని వెనక ఒకటి సమముద్రలో చేరుతున్నాయి. కొసకొండ వంతు రాగానే అంతా నిలిచిపోయింది. కేంద్రంలో తెరలన్నీ ఎర్రబడ్డాయి. నాగభూషణం గారు పరుగున వచ్చారు.

మార్పకిని నడిపే యంత్రం గొంతు స్పీకర్లో వినిపించింది. "గంగులమ్మ గారూ, ఒక మాట మాకు తెలియడం లేదు. చెబుతారా?"

అవతల గిన్నెల చప్పుడు. "ఎవులు బాబూ? నాను కూడు తింతన్నాను. కూసింతసేపు ఆగు."

"సరేనండీ," అంది యంత్రం.

"దాన్ని దాటించెయ్," అన్నారు నాగభూషణం గారు. "వెనక ఎన్ని దేశాల భాషలు ఆగిపోయాయో తెలుసా?"

"తెలుసండీ," అంది ఇందుమతి, మీటల్ని అరచేత్తో కప్పి. "ఆవిడని తిననివ్వండి."