గోంగూర కాని గోంగూర

అరబ్బు దేశం. షువైఖ్‌లోని ఒక గ్యారేజీ. జాకీ మీద లేపిన జీపు కింద వెల్లకిలా పడుకుని చీఫ్ రత్నరాజు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. పక్కనే ఏజెంట్ పెంచల్. 2008, జూన్.

"టార్గెట్ డాక్టర్ విక్టర్. దజీజ్ ఏరియాలో ఒక గోడౌన్లో ల్యాబ్ పెట్టాడోయ్. గంజాయి విత్తనాలకి రేడియేషన్ పట్టించి మూడు వేల మొక్కలు పెంచాడు. అందులో ఒక్కటి దారి తప్పింది. ఆకు అచ్చం గోంగూర, వాసన సున్నా. కుక్కలు కూడా పట్టలేవు. ఉన్నదా ఒక్క మొక్కే. దాని విత్తనాలు ఇవాళ మధ్యాహ్నం రెండింటికి కొరియర్‌లో దేశం దాటుతున్నాయి. దాటాయా, ఇక కూరగాయల బజార్లలోనే గంజాయి అమ్ముతారు."

"లోపల మనోళ్ళు ఎవురన్నా ఉండారా సార్?"

"హెలెన్. ఆర్నెల్లుగా వాడి అసిస్టెంటు. తన మనిషే అనుకుంటున్నాడు వెర్రి వెధవ."

పెంచల్ చేతిలోంచి స్పానర్ జారింది. మూడేళ్లుగా అతను హెలెన్‌ని ప్రేమిస్తున్నాడు. ఆ సంగతి హెలెన్‌కి తప్ప డిపార్ట్‌మెంట్ మొత్తానికి తెలుసు.

సరిగ్గా పన్నెండింటికి పెంచల్ ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో నిచ్చెనెక్కాడు. స్క్రూడ్రైవర్లో కెమెరా ఉంది. కోడ్‌వర్డ్ వదిలాడు.

"గ్యాస్ అయిపోయింది మేడం."

"నింపండి, తొందరేం లేదు," అంది హెలెన్. జవాబు కరెక్టే. కానీ తలెత్తి చూడనైనా లేదు. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. క్యారియర్ విప్పి, గోంగూర పచ్చడితో అన్నం కలిపి, తన చేత్తో డాక్టర్ నోటికి ముద్ద అందించింది!

పెంచల్ ఒళ్ళు భగ్గుమంది. మూడేళ్ళలో తనకి ఒక్క మెతుకు పెట్టిందా?

"ఇంకొక్క ముద్ద, డాక్టర్, ప్లీజ్," అని బతిమాలుతోంది. గంట గడిచేసరికి వాడి ఇకిలింపులకు అంతు లేకుండా పోయింది. ఆమె టైం చెప్పినా నవ్వే, ఫైలిచ్చినా నవ్వే. ఛీ, ఇంత సరసమా! విత్తనాల సేఫ్‌కి తీయాల్సిన ఫొటోలన్నీ పెంచల్ వాళ్ళిద్దరికే తీశాడు. హెలెన్ అమ్ముడుపోయింది, సందేహం లేదు.

రెండింటికి ఇంకొక్క నిమిషం. కొరియర్ మనిషి వచ్చాడు. హెలెన్ సీలు వేసిన ప్యాకెట్ అతని చేతిలో పెట్టాడు డాక్టర్. పెంచల్ నిచ్చెన మీంచి దూకాడు.

"యాడికీ! ఆపు!"

డాక్టర్ పిస్టల్ తీశాడు.

"పోనివ్వండి పెంచల్ గారూ," అంది హెలెన్ తాపీగా.

అసలు పేరే చెప్పేసింది! పెంచల్ ఆమె వైపు తిరిగాడు. "వాని కోసం నన్ను చంపిస్తావా హెలెన్?"

బయట కొరియర్ వ్యాన్ కదిలిపోయింది. డాక్టర్ ట్రిగ్గర్ కోసం వేలితో వెతికాడు. దొరకలేదు. పిస్టల్‌ని చూసి పడీపడీ నవ్వి నేల మీద కూలబడ్డాడు.

"వీనికేమైంది?"

"వాడి మొక్కనే వాడికి పచ్చడి చేసి పెట్టానండి. ఆకులు, విత్తనాలు అన్నీ నూనెలో వేయించి రుబ్బేశాను. పులుపుకి చింతపండు వేశాను."

"మరి ప్యాకెట్లో?"

"మా అమ్మ పంపిన గోంగూర విత్తనాలు."

ఇయర్‌ఫోన్లో రత్నరాజు కేక పెట్టాడు. "ఖలాస్! మిషన్ సక్సెస్!"

పెంచల్ మొహం మాత్రం విప్పారలేదు.

"అదంతా సరే. చేత్తో కలిపి పెట్టాల్నా? స్పూన్ లేదా?"

"స్పూనిస్తే సగం వదిలేస్తాడండి."

పోలీసులు వచ్చి రెక్క పట్టుకుని లేపుతుంటే, డాక్టర్ ఇంకో ముద్ద కోసం హెలెన్ వైపు నోరు తెరిచాడు. పెంచల్ చటుక్కున ఖాళీ క్యారియర్‌ని చంకలో పెట్టుకున్నాడు.

"అయ్యో, నా క్యారియరండీ!"

"ఎవిడెన్స్," అన్నాడు పెంచల్. "నాకు వండే రోజు చెప్పు, తిరిగిస్తా."