జపంలో రెండో సగం

ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలం మొదలై రెండు వారాలైంది. పొద్దున్న ఆరున్నరకి చిట్టి ఒక చేత్తో పళ్లు తోముకుంటూ, ఇంకో చేత్తో టీ గిన్నె కింద మంట తగ్గిస్తూ, మనసులో మూడు మంగళవార్త జపాలు పూర్తి చేసేసింది. మరియతల్లికి వందనం చెప్పే ఆ చిన్న ప్రార్థనకి అరనిమిషం కూడా పట్టదు. నలభై రెండేళ్లొచ్చినా తల్లి నోట చిట్టిగానే మిగిలిపోయిన ఈ మనిషికి సొంత ఇస్త్రీ షాపు ఉంది. రెండు హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు రోజూ అక్కడికే వస్తాయి. కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగే ఆడమనిషికి అరనిమిషం ప్రార్థన నచ్చక ఏం చేస్తుంది, చెప్పండి!

ఫ్రిజ్ తలుపు మీద గుడిలో పంచిన కాగితం అంటించి ఉంది. 'తీరిక లేనివారికి మరియతల్లి భక్తి' అని పైన పెద్దక్షరాలు. లేవగానే మూడు జపాలు, మధ్యాహ్నం ఒక్క నిమిషం ఆగి త్రికాల జపం, కొడుకు కోసం ఆ తల్లి పడ్డ ఏడు వ్యాకులాల్లో రోజుకొకటి తలుచుకోవడం, నాలుక్కి ఇష్టమైనదేదో ఒకటి వదులుకోవడం. చిట్టి టీలో పంచదార వదిలేసింది. లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు ఈ నలభై రోజులూ జోకులు మానేస్తున్నానని, ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఘనంగా ప్రకటించి, గురువారం పొద్దున్నకే మాట తప్పాడు.

"అమ్మా, టీ చల్లారిపోతోంది!"

అమ్మ గదిలోంచి వచ్చింది. చేతిలో జపమాల అలాగే ఉంది. ఆర్నెల్ల క్రితం నాన్న పోయాక ఆమెని ఒంటరిగా వదల్లేక చిట్టి తన దగ్గరికి తెచ్చుకుంది.

"ఈ పూటైనా నాతో కూర్చుంటావా, చిట్టీ? మాల మొత్తం అయిదు పదులూ వద్దులే. ఒక్క పది పూసలు."

"నాదైపోయిందమ్మా. పళ్లు తోముకుంటూ చెప్పేశా."

"నోట్లో నురగతోనా?"

"మనసులో. మనసుకి నురగ ఉండదు."

"అత్తయ్యా," అన్నాడు అల్లుడు పనిముట్ల సంచి సర్దుకుంటూ, "చూస్తూ ఉండండి, మీ అమ్మాయికంటే ముందు ఆ బ్రష్షుకి మోక్షం వచ్చేస్తుంది."

"మీరు జోకులు మానేశారు కదండీ?" అంది చిట్టి.

"ఇది జోకు కాదు, నా విశ్వాసం."

మామూలుగా అయితే అమ్మ ఈ పాటికి నవ్వేది. ఈ రోజు నవ్వలేదు. టీ కప్పు పక్కకి జరిపి, కొంగు చాటునుంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇక్కడ సంతకం పెట్టు."

సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం దరఖాస్తు అది. పేరు, వయసు, ఉన్న జబ్బులు, అన్నీ అమ్మ తన గుండ్రటి అక్షరాలతో నింపేసింది.

"శనివారానికి ఒక మంచం ఖాళీ అవుతుందట. పెద్ద సిస్టరుతో నేనే ఫోన్లో మాట్లాడాను. ఇంట్లోవాళ్ల సంతకం లేనిదే తీసుకోరంది."

చిట్టి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఇక ఆగలేదు. "శనివారమా? అంటే ఎల్లుండా? ఏం తక్కువ చేశామమ్మా నీకు? ఎవరైనా ఒక మాటన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. మీరు బంగారం. అక్కడ పొద్దునా సాయంత్రం అందరూ కలిసి జపం చెబుతారు. అంతే."

"అంతేనా! అంటే నాకు భక్తి లేదని కదా నువ్వనేది?"

"నేనలా అన్నానా?"

అనలేదు. కానీ చిట్టి వినే స్థితిలో ఉంటేగా! అమ్మ అడిగేది మోకాళ్ల మీద గంటసేపు భక్తి అనీ, తన భక్తి ముక్కలుముక్కలుగా ఉందని అమ్మకి చిన్నచూపనీ ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది. అందుకే పోయిన వారం ఒక చిన్న స్పీకరు కొనుక్కొచ్చింది. మీట నొక్కితే చాలు, ఒక పెద్దమనిషి గంభీరమైన గొంతుతో జపమాల మొదట్నుంచి చివరిదాకా చెప్పేస్తాడు. రెండు రోజులు తిరక్కుండా అమ్మ దాని మీద తువ్వాలు కప్పేసింది. "మొత్తం ఆయనే చెప్పేసుకుంటాడే. నాకేం మిగల్చడు," అంది. చిట్టి అప్పుడు పగలబడి నవ్వింది తప్ప ఆ మాట బుర్రకెక్కించుకోలేదు.

"నేనూ ప్రార్థన చేస్తున్నానమ్మా," అంది ఇప్పుడు. "రోడ్డు మీద ఎర్ర లైటు పడితే చేస్తాను. బాయిలర్ వేడెక్కేలోపు చేస్తాను. ఆ తల్లికి మాత్రం ఇంటి పని లేదా? వడ్రంగి ఇంట్లో రంపపు పొట్టు ఎవరూడ్చారు? దేవదూతలొచ్చి ఊడ్చారా?"

"చిట్టీ, నెమ్మది," అన్నాడు మొగుడు.

"మీరుండండి! నాన్నకేం, కుట్టు మెషిను ఇంట్లోనే. తీరిగ్గా మోకరించి నీతో జపాలు చెప్పాడు. నాకంత సుఖం రాసిపెట్టి లేదు!"

ఆ మాట నోరు జారగానే చిట్టి నాలిక్కరుచుకుంది. అమ్మ ముఖం చిన్నబోయింది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, "సాయంత్రం పెడుదువులే. వెళ్లు, నీకు ఆలస్యమవుతుంది," అని గదిలోకి వెళ్లిపోయింది.

మొగుడు భార్య ముఖం చూసి, సంచి భుజాన వేసుకుని బయటపడ్డాడు. ఆమె కూడా అతని వెనకే విసవిసా మెట్లు దిగింది. కింద వ్యాను దగ్గరికొచ్చి చూసుకుంటే తాళాలు లేవు. కోపంలో టీ కప్పు పక్కనే వదిలేసింది. తనని తానే తిట్టుకుంటూ మళ్లీ మూడంతస్తులూ ఎక్కింది.

తాళాలు తీసుకుని వెనక్కి తిరగబోతుంటే అమ్మ గొంతు వినిపించింది. గది తలుపు ఓరగా వేసి ఉంది. అమ్మ మంగళవార్త జపం మొదలుపెట్టి, యేసు నామం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడికి సగం. ఇంకో సగం ఉంది. ఏడుస్తోందేమోనని చిట్టి భయపడి చెవి ఒగ్గింది. ఏడుపు లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కొంచెంసేపయ్యాక అమ్మ మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది.

అలవాటుకొద్దీ చిట్టి నాలుక లోపల్లోపలే మిగతా సగం పలికింది. అది పూర్తయ్యేసరికి, సరిగ్గా అప్పుడే, అమ్మ తర్వాతి పూసకి వెళ్లింది. మూడోసారీ అంతే. అప్పుడు తెలిసింది చిట్టికి. అమ్మ మర్చిపోయి ఆగడం లేదు. విస్తట్లో వడ్డించి మనిషి కోసం ఎదురుచూసినట్టు, ఎవరో జవాబు చెప్పడానికి పట్టేంతసేపు ఆగుతోంది. యాభై ఏళ్లుగా అవతలి సగం చెప్పిన మనిషి లేడు. ఆయన చోటు మాత్రం పూస పూసకీ అలాగే ఉంచుతోంది.

నాలుగోసారి అమ్మ ఆగినప్పుడు, కాళ్లకు చెప్పులతో, చేతిలో తాళాలతో, గది బయటే నిలబడి చిట్టి గట్టిగా చెప్పింది.

"పరిశుద్ధ మరియమ్మా..."

అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. భుజాలు మాత్రం ఒక్కసారి కదిలాయి. చిట్టి సగం పూర్తికాగానే తన సగం అందుకుంది. అలా పది పూసలూ అయ్యేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అప్పుడు చిట్టి లోపలికొచ్చి అమ్మ పక్కన మంచం మీద కూర్చుంది. "నాన్నని అలా అనాల్సింది కాదమ్మా. తప్పయింది."

"అసలాయన మోకరించాడని నీకెవరు చెప్పారే?" అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు బడికెళ్లాక నేను వంటింట్లోంచి మొదటి సగం అరిచేదాన్ని. ఆయన మెషిను తొక్కుతూ రెండో సగం అనేవాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకున్నప్పుడు ఊఁ ఊఁ అని మూలిగేవాడు. అదీ జపమే అనుకునేదాన్ని!"

చిట్టికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "మరి రెండో సగం నువ్వే చెప్పేసుకోవచ్చు కదమ్మా? గుడిలో అందరితో చెబుతావుగా."

"అందరితో అయితే చెబుతాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు నోరు పెగలదు." అమ్మ జపమాల వంక చూస్తూ గొంతు తగ్గించింది. "అందులో 'మా మరణ సమయమందును' అని ఉంది చూడు. ఆయనుండగా ఆ మాట వింటే ధైర్యంగా ఉండేది. ఇప్పుడు నా గొంతుతో నేనే అంటే భయమేస్తోందే, చిట్టీ. నాకెవరూ లేరనిపిస్తోంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పను? చావంటే భయంగా ఉంది, పక్కన కూర్చోవే అనా? కడుపున పుట్టినదాన్ని అడగడానికి సిగ్గేసింది. పది పూసలు చెబుదువు రమ్మంటే వస్తావనుకున్నా."

చిట్టి అమ్మ భుజం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నెలల తరబడి ఒకే గోడకి అటూ ఇటూ పడుకుంటూ, అమ్మకి భయమేస్తోందన్న సంగతి తనకి తెలియలేదు. అది తలుచుకుంటే దుఃఖం ఆగలేదు. చివరికి అమ్మే ఆమె వీపు నిమురుతూ, "ఊరుకోవే, ఊరుకో. హోటలువాళ్లు గలీబుల కోసం చూస్తూంటారు," అంది.

"అమ్మా, నాకు చేతులు ఖాళీ ఉండవు గానీ నోరు ఖాళీయే," అంది చిట్టి ముక్కు ఎగపీల్చుకుంటూ. "పొద్దున్న పది పూసలు నీ పక్కన కూర్చునే చెబుతాను. పదింటికి ఫోన్ చెయ్యి, తక్కినవి ఇస్త్రీ చేస్తూ చెప్పుకుందాం. నాకు తీరిక లేని రోజు మీ అల్లుడికి చెబుదాం. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు కూడా ఆమెన్ అంటారు."

అమ్మ ఈసారి నవ్వింది. "పెద్ద సిస్టరుకి ఫోన్ చేసి, శనివారం రావడం లేదని చెబుతాను. పిలిచినప్పుడు పలక్కపోయావో, సోమవారమే సంచి సర్దేస్తా."

పదింటికి చిట్టి షాపులో ఆవిరి మధ్య నిలబడి ఉంది. ఫోను అలమారలో దుప్పట్ల మీద పెట్టి స్పీకరు వేసింది. అమ్మ మొదటి సగం చెప్పింది, చిట్టి గలీబు తిరగేస్తూ రెండో సగం చెప్పింది. ఒక్కో పూసకి ఒక్కో గలీబు. పని ఆగలేదు, జపమూ ఆగలేదు. పక్క బల్ల దగ్గర చొక్కాలు మడతపెట్టే ఆవిడ మొదట నవ్వుకుంది గానీ, కాసేపటికి తనూ పెదవులు కదపడం మొదలుపెట్టింది.

చివరి పదిలో చిట్టి ఒక్కసారిగా ఆగిపోయింది. మరణ సమయమందును అనే మాట దాటి ముందుకి వెళ్లలేకపోయింది. ఏదో ఒక రోజున, మొదటి సగం చెప్పే ఈ గొంతు కూడా ఉండదు. ఇన్నేళ్లుగా ఉరుకుల పరుగుల మీద పలికేసిన ఆ మాటలో ఇంత ఉందని ఆమెకి ఇప్పుడే తెలిసింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, రెండు చేతులూ బల్లకి ఆనించి నిలబడిపోయింది.

ఫోన్లో అమ్మ తొందరపెట్టలేదు. తర్వాతి పూసకీ వెళ్లలేదు. కాసేపయ్యాక మెల్లగా అడిగింది.

"చిట్టీ, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"నేనూ ఉన్నానే. ఏడుపొస్తే ఏడ్చుకుని చెప్పు. నేనాగుతాను."