నలభై వీపుల మీద ఒకే ఉత్తరం

నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడ తప్పితే మన్నించి, సర్దుకుని చదువుకోండి. చెయ్యి నెమ్మది, రోజుకి అరపేజీ దాటదు. అందుకే కథని సాగదీయను.

బొమ్మలమ్మాయికి ప్రింటింగ్ మాస్టరుతో మొదటిరోజే పడలేదు. మాస్టరంటే ముసలాయన అనుకునేరు. ముప్పై నిండనివాడు. బట్టల మీద బొమ్మలు అచ్చు వేయడంలో చెయ్యి తిరిగినవాడు కనుక వీధిలో అందరూ అలా పిలుస్తారు.

ఆ అమ్మాయి పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసేది. అది మానేసి సొంతంగా వదులు టీషర్టుల బ్రాండు మొదలుపెట్టింది. పేరు ‘సాయంత్రం అయిదున్నర’. చిన్నప్పుడు టీవీలో కార్టూన్లు వచ్చే వేళ అది. మేడెక్కి యాంటెన్నా తిప్పే అన్న, కింద నుంచి “వచ్చింది, వచ్చింది, పోయింది” అని కేకేసే చెల్లి, చిక్కుపడ్డ క్యాసెట్టు టేపుని పెన్సిలుతో తిప్పే తాత. ఇలాంటివే ఆమె బొమ్మలు.

అమ్మ గడువు పెట్టింది. “ఆదివారం సంతలో పెడతానన్నావు, పెట్టు. నలభై టీషర్టుల్లో సగమైనా అమ్ముడుపోకపోతే సోమవారం మీ బాబాయి ఆఫీసులో చేరాలి. మళ్ళీ మాట మార్చకూడదు.”

“సరే” అంది కూతురు.

ప్రెస్సులో నమూనా టీషర్టు చూడగానే ఆమె మొహం మాడింది.

“తాత చొక్కా మీద చిన్న చుక్క ఉండాలి. ఏదీ?”

“మరక అనుకుని తీసేశాను మేడమ్.”

“మరకేనండీ. కాఫీ మరక. కావాలని వేశాను.”

“మరకని మరక అనుకున్నాను. ఇందులో నా తప్పేముంది?”

“బొమ్మలో మీ తెలివి కలపడం తప్పు. ఉన్నది ఉన్నట్టు దింపండి. గీత వంకరగా ఉంటే వంకరగానే. కాగితం మీద చీమ పాకితే చీమతో సహా.”

“చీమతో సహా” అంటూ అతను గోడకున్న బోర్డు మీద సుద్దతో రాసుకున్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకి అంత ఒళ్ళు మండేది కాదు.

అలా మండిన మనిషి నాలుగు రోజుల్లో అయిదుసార్లు ప్రెస్సుకి వెళ్ళింది. రంగు చూడాలని ఒకసారి, బట్ట చూడాలని ఇంకోసారి, గొడుగు మర్చిపోయానని మరోసారి. తేని గొడుగేమిటని అతనూ అడగలేదు. వెతికినట్టే వెతికాడు.

వీపు మీద వేసే బొమ్మ చివరికి మిగిలింది. గీసి ముందు అక్కకి ఫోన్లో ఫొటో పంపడం ఆమెకి అలవాటు. కింద మూల నాలుగు ముక్కలు రాసి పంపింది. అక్క “బాగుంది, పంపెయ్” అంది. కంగారులో అదే కాగితం, రాతతో సహా, ప్రెస్సుకి పంపేసింది.

శనివారం మధ్యాహ్నం సరుకు తెచ్చుకుందామని వెళ్ళింది. మడతపెట్టిన నలభై టీషర్టులు బల్ల మీద ఉన్నాయి. ఒకటి తిప్పి చూసింది. యాంటెన్నా బొమ్మ కింద తన చేతిరాత కళకళలాడుతోంది.

‘అక్కా, ఈ ఎరుపు ఆ మాస్టరుకి ఒక పట్టాన అర్థం కాదు. మొండిఘటం. మనిషి మాత్రం బాగుంటాడు. రంగు వంక పెట్టి రోజూ వెళ్తున్నాను. అమ్మకి చెప్పకు.’

“ఏమిటండీ ఇది?” రాత మీద వేలు పెట్టింది.

“చీమతో సహా అన్నారు కదా మేడమ్.”

“చదివారా?”

“నలభైసార్లు. టీషర్టుకి ఒకసారి.”

“మొదటిదాని దగ్గరే ఆపి ఫోన్ చేయొచ్చు కదా.”

అతను చేతిలో గుడ్డని అటూ ఇటూ మెలితిప్పాడు. “చేద్దామనే ఫోన్ తీశాను. పొరపాటున వచ్చింది, చెరిపెయ్యండి అంటారేమోనని భయం వేసింది. అందుకని రెండోది వేశాను. తరవాత మూడోది.”

ఆమె ఇంకొకటి తిప్పి చూసింది. దాని మీదా అదే రాత.

“తప్పు నాదే” అన్నాడతను. “రాత మీద నల్ల పట్టీ వేసేస్తాను. సాయంత్రానికల్లా ఆరిపోతాయి.”

పట్టీ వేస్తే పదిమంది నోళ్ళలో పడక్కర్లేదు. అమ్మ దగ్గర పరువు దక్కుతుంది. ఎటు చూసినా మంచిదే. ఆమె టీషర్టుని మళ్ళీ మడతపెట్టింది.

“వద్దు.”

“ఎందుకు?”

“అబద్ధమైతే చెరపాలి గాని.”

ఆదివారం సంతలో పదకొండు దాకా ఈగ కూడా వాలలేదు. మాస్టరు పెట్టెలు దింపుతానని వచ్చి, అన్నీ దింపేశాక కూడా అక్కడే నిలబడ్డాడు. అప్పుడొక కాలేజీ పిల్ల టీషర్టు వెనక్కి తిప్పి చదివి పకపకా నవ్వింది. నేస్తాన్ని పిలిచింది. ఆ నేస్తం ఇంకో ముగ్గుర్ని పిలిచింది.

“అక్కా, ఈ మొండిఘటం దొరికాడా లేదా?”

“కొంటే చెప్తాను” అంది బొమ్మలమ్మాయి, మాస్టరు వైపు చూడకుండా.

రెండు గంటలకి అమ్మ బయలుదేరింది. సంత మొదట్లోనే ముందు నడుస్తున్న ఒకాయన వీపు మీద కూతురి రాత కనిపించింది. ఆయనది పెద్ద అంగ. ఆవిడది మోకాళ్ళ నొప్పి.

“బాబూ, కాస్త ఆగు నాయనా. చివరి లైను అందలేదు.”

చివరి లైను చదివాక ఆవిడ నడక వేగం ఎందుకు పెరిగిందో మీకు చెప్పక్కర్లేదు.

“ఎన్ని పోయాయే?”

“ఇరవై ఆరమ్మా.”

“అయితే బాబాయికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పు.” తరవాత పెట్టెల పక్కన నిలబడ్డ మాస్టరు వైపు తిరిగింది. “మొండిఘటం నువ్వేనా?”

“అవునండీ.”

“ఆడపిల్ల మనసు ఇంతమంది వీపుల మీద ఊరేగుతోంది. నువ్వు మాత్రం పెదవి విప్పవు. నీ మాటేమిటి?”

అతను బొమ్మలమ్మాయిని చూశాడు. చెవులు కందిపోయాయి. “రేపు కూడా రండి. ఏ పనీ లేకపోయినా రండి. రోజూ రండి.”

“వస్తాను” అందామె.

అమ్మ అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుని మోకాలు రాసుకుంది. “ఈ రెండు ముక్కలకీ నలభై టీషర్టులు కావలసొచ్చాయా మీకు? సరే, మీ అమ్మానాన్నల నంబరు చెప్పు నాయనా. నేనే మాట్లాడతాను. మీ ఇద్దరికీ వదిలేస్తే నూరు పడతాయి.”

ఇట్లు,
బొత్తాల మామ్మ, డెబ్బై నాలుగేళ్ళు.
ఇప్పుడు ఆ ప్రెస్సున్న వీధిలోనే మా పెద్దకూతురి ఇంట్లో, వీధివైపు గదిలో ఉంటున్నాను.