ఎనిమిది దగ్గర ఆగిన ముల్లు

"ఆ ఇనుప చక్రం తీస్తే గానీ నేను పళ్ళేలు పెట్టను," అంది తల్లి.

"ఇనుము కాదే, ఇత్తడి," అన్నాడు తండ్రి.

"ఇత్తడైతే అన్నం దాని మీద వడ్డించనా?"

భోజనాల బల్ల మీద యుద్ధకాలపు జలాంతర్గామి ఒకటి ముక్కలుముక్కలుగా పరుచుకుని ఉంది. కవాటం తిప్పే చక్రం, అంచులు రాలిన ఎనామెల్ కప్పు, ఒక దీపం. ఓడరేవులో గుమాస్తాగా ఉన్న ముప్ఫై ఏళ్ళూ పాత ఓడలు విప్పేవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఆయన కూడబెట్టినవి. అన్నిట్లోకీ ముఖ్యమైనది లోతుమీటరు. జలాంతర్గామి ఎంత లోతున ఉందో ముల్లుతో చూపించే, పళ్ళెమంత ఇత్తడి మీటరు.

మర్నాడు మ్యూజియం మనిషి పరీక్షకి వస్తున్నాడు. అసలైనవని తేలితే ఆయన పేరుతో ఒక గది. తేలకపోతే, వీధివాళ్ళు పెట్టిన 'పాత సామాన్లాయన' అన్న పేరే ఖాయం.

కూతురు మాత్రం మీటరునే చూస్తోంది. ముందు గదిలో మీటర్లు బాగుచేసే షాపు ఆమెదే. పని లేకుండా పడున్న మీటరు ముల్లు సున్నా దగ్గర నిలవకపోతే ఆమెకి పంటికింద రాయిలా ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా అద్దం విప్పి, ముల్లుని వేలితో ఇరుసు మీద జరిపి, సున్నా దగ్గర నిలబెట్టి, మళ్ళీ బిగించేసింది.

మర్నాడు మ్యూజియం అబ్బాయి వానలో నిలువునా తడిసి వచ్చాడు. అతని చేతిలోని ఫైలు మాత్రం పొడిగా ఉంది. ఉన్న ఒక్క గొడుగూ దానికే పట్టాడు మరి. ఆమెకి నవ్వొచ్చింది. అయిదు నిమిషాల్లో ఆ నవ్వు ఆవిరైపోయింది.

"క్షమించండి, ఇది ఆ మీటరు కాదు. శత్రువుల నుంచి తప్పించుకోడానికి ఆ జలాంతర్గామి తట్టుకోగలిగినదానికన్నా లోతుకి దిగింది. ఆ దెబ్బకి, నీటిపైకి వచ్చాక కూడా దాని మీటరు ముల్లు సున్నాకి రాలేదు. ఇంజినీరు డైరీలో ఉంది."

తండ్రి మీటరు మీదకి వంగాడు. "ఇదెప్పుడు సున్నాకొచ్చిందీ?"

"నేనే నాన్నా..." ఆమె ముందుకొచ్చింది. "నిన్న సరిచేశాను. అంతకుముందు ముల్లు..."

"చెప్పకండి!" అబ్బాయి చెయ్యెత్తాడు. "డైరీలో అంకె ఉంది. మీ మాట సాక్ష్యం కాదు. మీటరే చెప్పాలి."

"ఎక్కడ దొరికాడమ్మా ఈ అనుమానాలరావు!" అని గొణిగింది తల్లి.

"విప్పుతాను," అంది కూతురు. "మీ కళ్ళముందే. ఒక్క స్క్రూ కూడా మీరు లేకుండా ముట్టుకోను."

అద్దం తేలిగ్గానే వచ్చింది. ముల్లు మొదలునీ, వెనక గొట్టాన్నీ కప్పేసిన లోపలి మూత స్క్రూలే తుప్పుతో కరుచుకుపోయాయి. నూనె చుక్క వెయ్యడం, ఆగడం, మళ్ళీ వెయ్యడం. రెండు మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. బయట వాన, లోపల అతను, స్టూలు మీద, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని.

"మొండి స్క్రూలండీ," అన్నాడతను.

"కొందరు మనుషులకన్నా నయం. నూనె వేస్తే కదుల్తాయి."

"నాకూ వేసి చూడండి."

"మ్యూజియం వస్తువుల్ని ముట్టుకోకూడదట కదా!"

అతను పకాలున నవ్వాడు. ఆమె స్క్రూడ్రైవర్ జారవిడిచి, వంగి వెతుక్కుంటూ కాసేపు పైకి లేవలేదు.

మూడో రోజు ముల్లు చేతికొచ్చింది. తల్లి, తండ్రి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇదిగో, ఈ వంపు గొట్టం నీటి ఒత్తిడికి సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది," అంది ఆమె. "మోయలేనంత మోస్తే పూర్తిగా ముడుచుకోదు. కొత్తలో ముల్లుని సున్నా దగ్గర పెట్టి, ముల్లు మీదా ఇరుసు మీదా కలిసేలా ఒక గీత గీస్తారు. నేను ముల్లు జరిపాను గానీ గీతలు చెరపలేదు. గొట్టం బాగుంటే గీతలు కలిసినప్పుడు సున్నా రావాలి."

రెండు గీతల్నీ కలిపి, ముల్లు నొక్కి, చెయ్యి తీసేసింది.

ముల్లు ఎనిమిది దగ్గర నిలబడింది.

అబ్బాయి ఫైలు తెరిచి పైకి చదివాడు: "'పైకొచ్చాం. ముల్లు ఎనిమిది దగ్గరే ఉండిపోయింది. అందరం బతికే ఉన్నాం.'"

తండ్రి మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి చదివించుకుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. తల్లి అప్పటికే పక్కింటి గోడ దగ్గరికి పరిగెత్తింది. "మా ఆయన పేరు మీద గదండీ! అవునండీ, మ్యూజియంలోనే!"

షాపులో ఇద్దరే మిగిలారు.

"నిన్ననే ఆఖరి స్క్రూ వదులైంది కదూ? చూశాను," అన్నాడతను.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ముల్లు తియ్యాలంటే భయమేసింది. చూసినవారు అప్పుడే అడగొచ్చుగా!"

"అడిగితే ఇవాళ రావడానికి నాకు పనుండేది కాదు."

"పనుంటేనే వస్తారా?"

"పని లేకుండా రోజూ వచ్చే హక్కు కావాలి. ఇస్తారా?"

ఆమె మూడు షరతులు చెప్పింది. అతను నోట్‌బుక్ తీయబోతే చేతి మీద ఒక్కటేసింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అతన్ని పిలిచారు. చక్రమూ, కప్పూ, దీపమూ, లోతుమీటరూ మ్యూజియానికి వెళ్ళిపోయాయి. బల్ల విశాలంగా ఉంది. తండ్రి తన గది గురించి నాలుగోసారి మొదలుపెట్టాడు.

"నాన్నా, ఒక్క నిమిషం," అంది కూతురు. "నేను ఈయన్ని పెళ్ళి చేసుకుంటున్నాను. షాపు మూయను. ఈయనే ఈ వీధిలో ఇల్లు తీసుకుంటారు. రోజూ ఇక్కణ్ణించే మ్యూజియానికి వెళ్తారు. ఒప్పుకున్నారు."

తండ్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏం బాబూ, నిజమేనా?"

"అన్నిటికీ ఒప్పుకున్నానండీ."

అందరూ తల్లి వైపు తిరిగారు. ఆవిడ కూతుర్ని చూసింది, అబ్బాయిని చూసింది, అతని పళ్ళెంలోకి చూసింది. కూరగిన్నె చేతిలోకి తీసుకుంది.

"అలా మొహమాటపడితే ఎలా? ఇంకాస్త వేసుకోండి, అల్లుడుగారూ."