పెదవికన్నా ముందొచ్చిన మాట

ముందుగా బుద్ధ భగవానుడికి ఒక దణ్ణం. ఆ తర్వాత మీకు. ఎదురుగా పది మొహాలుంటే తప్ప నాకు కథ నోట రాదు. మీ మొహాలు కనబడకుండా, మేడమీద కాగితాల ముందు వంగి కూచుని కథ చెప్పాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. సరే, దగ్గరికి జరగండి. కూచున్నారనే అనుకుంటాను.

నా పేరు సాయ్‌బువా. మాది పెచ్చబురీ అనే ఊరు, నది పక్కన చెక్క ఇల్లు. వయసులో ఉండగా ఊరూరా తిరిగే సినిమా బండిలో పనిచేశాను. ఆ బండికి బొమ్మే వచ్చేది, మాట వచ్చేది కాదు. మైకు ముందు కూచుని కథానాయికకీ, విలనుకీ, ముసలమ్మకీ, ఏడ్చే పసిపిల్లకీ అందరికీ నేనే గొంతు. తెరమీద పెదవి కదిలిందంటే నా మాట పడాలి. రెప్పపాటు ఆలస్యమైనా జనం చెప్పులు విసిరేవాళ్లు. నామీద ఒక్క చెప్పు కూడా పడలేదు.

ముసలితనంలో ఆ గొంతును గుడికిచ్చేశాను. వానాకాలం మూడు నెలలూ భగవానుడి పూర్వజన్మల కథలు నేను చదివితేనే ఆడవాళ్లకి కన్నీళ్లొస్తాయి. ఇంట్లో కూడా చిన్న ప్రొజెక్టర్ ఒకటి పెట్టుకుని, గోడకి తెల్ల దుప్పటి కట్టి, ఆ బొమ్మలేసి చుట్టుపక్కలవాళ్లకి చెబుతుండేదాన్ని. దాని లోపలి స్పీకరు దోమ పాడినట్టుంటుంది. ఉంటే ఏం? మాట నాదే కదా.

మొన్న వానాకాలంలో మా అక్క బుసబా ఓ పొడుగాటి డబ్బా చంకలో పెట్టుకుని వచ్చింది. అంతకు ముందేడు అక్క గొంతులో గడ్డ లేచింది. కోసి తీసేస్తే మాట పోతుందన్నారు డాక్టర్లు. అక్క మా పెరట్లో, ఇంటి నేలని కాపాడే భూమిదేవుడి గూటి ముందు అగరొత్తులు వెలిగించి మొక్కుకుంది. రెండు నెలల్లో గడ్డ కరిగింది. ఆ మొక్కు తీర్చడానికే వచ్చింది. మా దగ్గర దేవుడికి సినిమా వేసి చూపిస్తామని కూడా మొక్కుకుంటారు.

"సినిమా మొక్కానే," అంది బొంగురుగా. గడ్డ పోయినా ఆ బొంగురు పోలేదు పాపం. "ఇక్కడే మొక్కాను, ఇక్కడే వెయ్యాలి."

"వేద్దాం, దానికేం భాగ్యం! ఆ డబ్బాలో ఏంటి?"

"సౌండ్‌బార్. నీకే. ఆ దోమ పాట దేవుడికి వినబడొద్దూ?"

"నేను లేనూ? మాటలన్నీ నేను చెబుతాగా!"

"వద్దు," అంది అక్క, చప్పున. ఆ తర్వాత నవ్వింది. "అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా పదహారేళ్ల పిల్ల గొంతేంటే నీకు? ఒక్కపూట ఆ పెట్టెని మాట్లాడనీ."

"ముసలిదైతే కోకిల కాకవుతుందా అక్కా?"

అక్క నవ్వలేదు.

పొద్దు గుంకుతోంది. సన్నగా వాన. పెరటి తలుపు దేవుడి గూటివైపు బార్లా తీసి, తెర ముందు కొత్త చాప పరిచాం. మొక్కు సినిమాకి తెర ముందు పరిచే చాప దేవుడిది, ఆయన వెంట కనబడకుండా వచ్చేవాళ్లది. మనుషులు కూచోరు, దాటరు. చాప మీద నాలుగు గ్లాసుల ఎర్ర సోడా పెట్టి స్ట్రాలు వేశాను. మల్లెదండ పెట్టాను. మేం వెనక, ప్రొజెక్టర్ పక్కన.

సౌండ్‌బార్ దుప్పటి కింద పెట్టి బ్లూటూత్ మీట నొక్కిపట్టాను. నీలం దీపం మిణుకు మిణుకుమంది. ప్రొజెక్టర్‌లో పేర్ల జాబితా తెరిచి, దీని పేరు ఎక్కడుందా అని వెతుకుతున్నాను...

"కనెక్ట్ అయింది," అంది సౌండ్‌బార్.

నేనింకా ఏదీ నొక్కలేదు.

"పక్కింటివాళ్ల ఫోనేమో," అంది అక్క.

మళ్లీ విడగొట్టి, మళ్లీ కలిపి, సినిమా ఒక నిమిషం నడిపి చూశాను. మాట వచ్చింది, కానీ పెదవి ఆగాక వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఇదే నా రోజుల్లో అయితే చెప్పుల వానే! బ్లూటూత్ తీసేసి, ప్రొజెక్టర్ వెనక చెవిఫోను రంధ్రంలో వైరు గుచ్చి, రెండో కొస సౌండ్‌బార్‌కి గుచ్చాను. నీలం దీపం పోయి తెల్లది వెలిగింది. ఇప్పుడు మాట సరిగ్గా పెదవి మీద కూచుంది.

"ఇక మొక్కు అప్పజెప్పు," అన్నాను.

"నా గొంతు వింటున్నావుగా. దేవుడు జడుసుకుంటాడు. ఆ ఒక్క ముక్కా నువ్వు చెప్పవే."

ఎవరి మొక్కు వాళ్లే అప్పజెప్పాలి. మా దగ్గర పసిపిల్లలకీ తెలిసిన మాట. ఇంకొకరు అప్పజెప్పాల్సి వస్తే, ముందు మొక్కిన మాటలు అక్షరం పొల్లుపోకుండా అడిగి తెలుసుకోవాలి. నేనడగలేదు. సొంత అక్కని అడుగుతారా? అదీగాక, ఎదుట నాలుగు గ్లాసులున్నాయంటే నలుగురు వినేవాళ్లున్నట్టే. వినేవాళ్లుంటే నేను ఆగలేను.

చేతులు జోడించి, నిండుగా పలికాను. "స్వామీ! మా అక్క బుసబా మీకు ఏది మొక్కిందో, అది ఇదిగో, నా నోటితో నేనే, సంతోషంగా సమర్పిస్తున్నాను."

వాన ఆగిపోయింది. కప్పలు కూడా.

సినిమా మొదలైంది. పాత ప్రేమకథ. అగరొత్తుల పొగ వాసనలో, తడిసిన బూడిద వాసన ఒకటి కలిసింది. చాప మీద మొదటి గ్లాసులో సోడా వేలెడు దిగింది. మంచిదే, వచ్చారు అనుకున్నాను. దణ్ణం పెట్టుకున్నాను.

అప్పుడు తెరమీద కథానాయిక నోరు తెరవకముందే మాట వినబడింది.

వైరులో మాట ఆలస్యం కాదు, నాకు తెలుసు. ముందు ఎలా వస్తుంది? విన్నాను. "వెళ్లకు," అంది సౌండ్‌బార్. ఆ తర్వాత ఆ పిల్ల పెదవులు కదిలాయి. విలను నవ్వు ముందొచ్చింది, నోరు తర్వాత తెరుచుకుంది. పసిపిల్ల ఏడ్చింది. ముసలమ్మ దగ్గింది.

ఆ ఏడుపు నాది. ఆ దగ్గు నాది. అన్నీ నా గొంతే... పాతికేళ్ల వయసప్పటి నా గొంతు.

బొమ్మ ఆడుతూనే ఉంది. పెట్టెలో మాటలు ఆగాయి. వాన చప్పుడు వచ్చింది, బయట లేని వాన. అందులోంచి గుసగుసగా, ఆనాటి అక్క మొక్కు.

"నా గొంతు నాకు వదిలెయ్ స్వామీ. దానికి బదులు చెల్లెలి గొంతిస్తా. ఊరంతా చెవులు కోసుకునే గొంతు. సినిమా వేసి, దాని నోటితోనే ఇప్పిస్తా."

వెనక్కి తిరిగాను. అక్క వీధి గుమ్మంలో ఉంది. చెప్పులు వేసుకుని, గొడుగు చేత పట్టుకుని... ఎప్పుడు లేచిందో!

అక్కా, అన్నాను. నా పెదవులు కదిలాయి. మాట తెర దగ్గర్నుంచి వచ్చింది.

"అక్కా."

అక్క మొహం తిప్పుకుంది. "ఇన్నేళ్లు వాడుకున్నావు, చాల్లేవే," అంది.

బొంగురు లేదు. గుడిగంటలా ఉంది ఆ గొంతు. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో, నా ముందు ఎన్నాళ్లు బొంగురు నటించిందో... మీకు దణ్ణం పెట్టి చెబుతున్నాను, గొంతు పోయినప్పుడు కాదు, అది విన్నప్పుడు కుప్పకూలాను.

మూడు నెలలైంది. ఊపిరి తప్ప నా నోట ఏమీ రాదు. గుడిలో ఇప్పుడు వేరెవరో చదువుతున్నారు, ఎవరూ ఏడవడం లేదట. అక్క ఈ గడప తొక్కలేదు. సౌండ్‌బార్ వైర్లన్నీ పీకి, బట్టలో చుట్టి కింది గదిలో ఆ చాప పక్కనే వదిలేశాను. అయినా పొద్దు గుంకితే అది కథ మొదలుపెడుతుంది. బాగా చెబుతుంది. నాకన్నా బాగా.

ఇవాళ ఈ కథే చెబుతోంది. నేను రాసే ప్రతి మాటా నాకన్నా ఒక మాట ముందు. నేను పెన్ను ఆపినా అది ఆగదు. ఇప్పుడు చెబుతోంది... "వీధి గేటు తెరుచుకుంది. బుసబా వచ్చింది."

గేటు కిర్రుమంది.

నాకు కోపం ఉంది. భగవానుడి పాదాల సాక్షి, ఎంత జపం చేసినా క్షమించలేకపోయాను. కానీ తోడబుట్టినదాన్ని ఆ చాప మీద కూచోబెట్టేంత కోపం నాకు లేదు. నేను మేడ దిగేలోపు అక్క లోపలికొచ్చేస్తుంది. నోరంతా తెరిచి అరిచాను, రావద్దక్కా అని.

కిందినుంచి నా గొంతు పలికింది. వెచ్చగా, తాటిబెల్లం పాకంలా.

"రా అక్కా. ముందు చాప మీద కూచో."

చెప్పులు విడిచిన చప్పుడు. చాప ముడుచుకున్న చప్పుడు. ఆ తర్వాత గ్లాసు అడుగున స్ట్రా గురగురమంది.

నేను మూడు నెలలుగా అక్కడ సోడా పెట్టలేదు.