పిలవకముందే సాగనంపారు

మా కాలేజీ లైబ్రరీలో రిఫరెన్సు పుస్తకాలు ఇంటికివ్వరు. అక్కడే కూర్చుని చదువుకోవాలి, అక్కడే రాసుకోవాలి. ఎం.ఏ. సోషియాలజీ చదివే రోజుల్లో ఆ నిబంధనను తిట్టుకోని రోజు లేదు. ఆ నిబంధన పెట్టినాయన ఏదో తెలిసే పెట్టి ఉంటాడని ఇప్పుడనిపిస్తుంది.

అది తొంభై ఒకటి ఎండాకాలం. సినిమా వాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే వచ్చి ఫిల్మ్‌నగర్‌లో దిగుతున్నారు. బండరాయి పగిలిన చోటల్లా ఒక ఇల్లు లేస్తోంది. నాన్న పోయాక తెనాలి వదిలేసి వచ్చిన మేం మధురానగర్‌లో మేడమీద వాటాలో ఉండేవాళ్లం. అమ్మ, నేను, నా చెల్లెలు లీలాకుమారి. లీలకి సినిమా పిచ్చి. అద్దం ముందు నిలబడి, నిజంగా కన్నీళ్లొచ్చేదాకా ఏడుపు ప్రాక్టీసు చేసేది. "ఆ ఏడుపేదో ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఏడవ్వే, కూరైనా అవుతుంది" అనేది అమ్మ. ముగ్గురం పడీ పడీ నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆ ఇంట్లో నవ్వు వినపడక ఏడాది దాటింది.

లీలని వేషాల కోసం తిప్పుతుంటే పరిచయమైన దర్శకుడు వీరరాఘవయ్య గారు ఏజెన్సీ కొండల మీద కథ తీస్తున్నారు. "నిజమైన ఆచారాలు చూపించాలమ్మా. పాత సినిమాల్లోలా ఈకలు పెట్టి గంతులేయిస్తే జనం నవ్వుతారు" అని, పుస్తకాలు వెతికే పని నాకప్పగించారు. నేను పొంగిపోయాను. రోజూ మధ్యాహ్నం లైబ్రరీలో వెనక వరస బీరువాల దగ్గరే కూర్చునేదాన్ని. నాఫ్తలీను ఉండల వాసన, పాత బైండింగు జిగురు వాసన, పైన కిర్రుకిర్రుమనే ఫ్యాను. కరెంటు పోతే లైబ్రేరియన్ శేషారత్నం గారు కిటికీ రెక్క ఒకటి తెరిచి, "ఆ వెలుగులో చదువుకో తల్లీ" అని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయేవారు.

అలా దొరికింది ఆ పుస్తకం. ఎవరో తెల్లదొర గోదావరి పైన కొండల్లో తిరిగి రాసింది. ఆ కొండజనం పేరు ఇక్కడ రాయను. వాళ్ల ఆచారాన్ని తెచ్చి సెట్టులో పెట్టి మేం చేసిన నిర్వాకం చాలు.

వాళ్లలో ఆడమనిషి పోతే, కొన్నాళ్లయ్యాక ఆమె వయసున్న మరో మనిషిని పీట మీద కూర్చోబెడతారట. పోయినామె పూసలు మెడలో వేసి, ముఖం మీద గుడ్డ కప్పుతారు. ఆడవాళ్లు చుట్టూ నిలబడి పోయినామెను పిలుస్తారు. ఆమె వస్తుంది. పీట మీది మనిషి నోటితో ఒక ముద్ద సామల అన్నం తింటుంది, అయినవాళ్లను తడిమి చూసుకుంటుంది. అప్పుడు కులపెద్ద ఆమె కాళ్ల మీద నీళ్లు పోసి, లేపి, పీట బోర్లించి, 'ఇంక వెళ్లు తల్లీ' అని సాగనంపుతాడు. వెంటనే పీట మీద కూర్చున్న మనిషిని సొంత పేరుతో పిలవాలి. ఆమె పలకాలి. పలికేదాకా గూడెంలో ఎవరూ పొయ్యి వెలిగించరు.

ముందు పిలుపు, తర్వాత సాగనంపు. వరస మారకూడదు. ఆ మాట దొర రెండుసార్లు రాశాడు.

వీరరాఘవయ్య గారు విని ఎగిరి గంతేశారు. చిన్న వయసులోనే చచ్చిపోయిన తల్లి కోసం హీరోయిన్ ఈ తంతు పెట్టిస్తున్నట్టు తీద్దామన్నారు. పీట మీద కూర్చునే వేషానికి పేరున్న నటి అక్కర్లేదు, ముఖం చివర్లోనే కనిపిస్తుంది. "మీ చెల్లెలుంది కదా" అన్నారు. లీల ఆ రాత్రి అన్నం తినలేదు. "క్లోజప్ అక్కా! నాకు క్లోజప్!" అని వాటా అంతా తిరిగింది.

పూసలు కూడా నిజమైనవే కావాలన్నారు. మా లైబ్రరీలో అద్దాల బీరువా ఒకటి ఉండేది, ఎప్పుడో ఒక ప్రొఫెసరు గారు కొండల నుంచి తెచ్చి పెట్టిన వస్తువులతో. అందులో ఎర్రపూసల దండ ఒకటుంది. పక్కన కాగితం మీద సిరా వెలిసిపోయింది.

"ఎవరి మెడలోవో తెలియదు మంజులతా. తెచ్చినాయనా పోయారు" అన్నారు శేషారత్నం గారు, బీరువా తాళం తీస్తూ. "జాగ్రత్తగా వాడుకుని తెచ్చేయ్."

షూటింగు ఫిల్మ్‌నగర్ గుట్ట మీది స్టూడియోలో. బయట పెళపెళలాడే ఎండ. ఫ్లోరు షట్టరు దించేస్తే లోపల పగలని తెలియదు. థర్మోకోల్ కొండ, తాటాకు గుడిసెలు, నేల మీద పోసిన మన్ను. రంగు వాసన, సాంబ్రాణి పొగ.

పొద్దున్నే ఒక మాట తెలిసింది. కులపెద్ద వేషం వేసే పెద్దాయన సాయంత్రానికి మద్రాసు వెళ్లిపోవాలి. డేట్లు లేవు. అందుకని ఆయన ఉండే సీను, సాగనంపేది, ముందు తీసేస్తారు. ఆడవాళ్లు పిలిచే సీను మధ్యాహ్నం.

పరుగున వీరరాఘవయ్య గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, వరస మారకూడదని రాసుందండీ."

ఆయన నవ్వారు. కోపంగా కాదు, చిన్నపిల్లని చూసి నవ్వినట్టు. "క్లైమాక్సు తీసి మూడు నెలలైందమ్మా, హీరో పుట్టడం ఇంకా తియ్యలేదు. సినిమా అంటే అంతే. ఎడిటింగులో ముందుది ముందు, వెనకది వెనక అతికిస్తాం. చూసేవాడికి తేడా ఏముంది?"

"చూసేవాళ్లకి కాదండీ..." అన్నాను. ఎవరికో చెప్పలేకపోయాను. యూనిట్ అంతా నన్నే చూస్తోంది. లీల దూరం నుంచి చేతులు జోడించి, 'పాడుచెయ్యకే' అన్నట్టు చూసింది.

పొద్దుటి షాటు ఒక్క టేకులో అయిపోయింది. పెద్దాయన లీల కాళ్ల మీద నీళ్లు పోశాడు. చెయ్యి పట్టి లేపాడు. పీట బోర్లించాడు. ఎంత అనుభవం ఉన్న నటుడో, గొంతు వణికించి మరీ అన్నాడు. "ఇంక వెళ్లు తల్లీ."

కట్. చప్పట్లు.

పేరు పెట్టి పిలిచే ముక్క స్క్రిప్టులో లేదు, లాగ్ అవుతుందని తీసేశారు. నాకు మనసాగలేదు. దగ్గరికెళ్లి నెమ్మదిగా పిలిచాను.

"లీలా..."

"ఆఁ, వస్తున్నా అక్కా."

ఆ జవాబు నా వెనక నుంచి వచ్చింది. షట్టరు వైపు నుంచి. నా ఎదురుగా ఉన్న లీల పెదవులు కదలలేదు. తడిసిన తన పాదాలను చూసుకుంటూ నిలబడి ఉంది.

ఫ్లోరులో గొంతు ప్రతిధ్వనిస్తుంది కదా, అదే అయుంటుందనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర పులిహోర విస్తరి ముందు పెట్టినా లీల ముట్టుకోలేదు. పలకరిస్తే తలూపింది, అంతే. కాల్షీటు అలసట అన్నారు మేకప్ వాళ్లు. వంట్లో బాగాలేదు, ఇంటికి తీసుకెళ్తానని మేనేజరుని బతిమాలాను. "ఒక్క షాటమ్మా, సెట్టు రేపు విప్పేస్తున్నాం" అన్నాడు.

రెండో సీనుకి లైట్లు తగ్గించారు. గుడిసె ముందు ఒక్క మంట వెలుగు. పీట మళ్లీ వెల్లకిలా వేశారు. లీల కూర్చుంది. మెడలో ఎర్రపూసలు, ముఖం మీద గుడ్డ. డాన్సర్లు చుట్టూ నిలబడ్డారు. పిలుపు మాటలు నేనే పుస్తకంలోంచి తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. అర్థం ఇంతే: రా. నీ కొండే ఇది. రా.

అందరూ ఒక్క గొంతుతో అన్నారు. మళ్లీ అన్నారు.

సాంబ్రాణి పొగలో ఇంకో వాసన కలిసింది. తియ్యగా, కొంచెం పులిసినట్టు. ఇప్పపూల వాసన. నేను లైట్ల వెనక చూశాను, ఎవరైనా తెచ్చి వాడుతున్నారేమోనని. ఎవరూ లేరు.

రా...

గుడ్డ లోపలికి పీల్చుకుపోయింది. బయటికి ఊగింది. అంతకుముందు ఆ గుడ్డ కదలనే లేదని అప్పుడు గమనించాను. అప్పటిదాకా నా చెల్లెలు ఊపిరి తీసుకోవడం లేదా?

"కట్! బ్రహ్మాండం!" అన్నారు వీరరాఘవయ్య గారు.

లైట్లు వేశారు. డాన్సర్లు వెళ్లిపోయారు. పీట మీది మనిషి లేవలేదు. లైట్‌మ్యాన్ యాదగిరి నా దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు. "అమ్మా, మీ చెల్లె లేస్తలేదు. నాకెందుకో మంచిగనిపిస్తలేదు. జర చూడుండ్రి."

గుడ్డ తీశాను. లీల ముఖమే. లీల కళ్లే. కానీ ఆ కళ్లు లైట్లకి బెదిరాయి, చెయ్యి అడ్డం వచ్చింది. నన్ను చూశాయి. గుర్తుపట్టలేదు. ఆమె మెల్లగా లేచి, థర్మోకోల్ కొండ దగ్గరికెళ్లింది. అరచేత్తో తడిమింది. నొక్కింది. ముక్క విరిగి చేతిలోకి వచ్చింది. తేలికైన తెల్లటి ముక్క. దాన్ని చూస్తూ చూస్తూ... ఏడ్చింది. లీల అద్దం ముందు ఎంత ప్రాక్టీసు చేసినా అలాంటి ఏడుపు రాలేదు.

"లీలా!" అని అరిచాను.

"వస్తున్నా అక్కా!"

షట్టరు అవతల నుంచి.

యాదగిరి కూడా విన్నాడు. ఇద్దరం కలిసి షట్టరు ఎత్తాం. తెల్లటి ఎండ. బండలు. జూబిలీహిల్స్ వైపు దిగే ఖాళీ రోడ్డు. ఎవరూ లేరు.

ఆమెను, వదలని ఆ పీటతో సహా, ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. ఇంకేం చెయ్యను?

ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకెళ్లమన్నారు ఇరుగుపొరుగు. డాక్టర్లకు చూపించాం, మందులు వాడాం. పక్కవాటా శకుంతలమ్మ గారు తాయెత్తు కట్టించారు. ఆమె అన్నీ కట్టించుకుంది, అన్నీ మింగింది. మొండితనం లేదు, అరుపుల్లేవు. పూసలు తియ్యబోతే మాత్రం రెండు చేతులతో పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేది. "పోనీవే, ఎవరి బిడ్డో" అంది అమ్మ. ఆ మాట అన్నాక అమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

పూసలు అడగడానికి శేషారత్నం గారు ఒకరోజు ఇంటికొచ్చారు. పీట మీద కూర్చున్న మనిషిని గుమ్మంలోంచి చూశారు. అడగకుండానే వెళ్లిపోయారు.

నేను మళ్లీ ఆ పుస్తకం ముందు కూర్చున్నాను. ఈసారి పేజీల అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా వదల్లేదు. ఒకచోట దొర రాశాడు: వరస తిరగబడితే ఏమవుతుందని అడిగాను, మొదట నవ్వారు, పిలవకుండా సాగనంపితే పీట మీద ఉన్న మనిషే వెళ్తుంది కదా అన్నారు. ఆమెను వెనక్కి తెచ్చే దారి ఏదని అడిగాను, జవాబు చెబుతున్న ముసలామె లేచి తలుపు వేసుకుంది.

అంతే. తర్వాతి అధ్యాయం వేట గురించి.

అమ్మను తోడు తీసుకుని ఆ కొండలకీ వెళ్లాను. పుస్తకంలో బొమ్మ వేసిన గూడెం చోట ఇప్పుడు ప్రాజెక్టు నీళ్లున్నాయి. జనం ఎటు పోయారో ఒడ్డున ఉన్నవాళ్లకి తెలియదు. వీరరాఘవయ్య గారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను, మళ్లీ సరైన వరసలో తియ్యండి సార్ అని. ఆయన నిజంగానే బాధపడ్డారు. "సెట్టు లేదు తల్లీ. అసలు ఆ సీనే లేదు. నిడివి ఎక్కువైందని తీసేశాం." సినిమా విడుదలైంది. వెళ్లి చూశాను. లీల ఎక్కడా లేదు.

ఇంట్లో నేనే చేసి చూశాను. కాళ్ల మీద నీళ్లు పోసి, పీట బోర్లించి, వెళ్లు తల్లీ అన్నాను. పాపం, ఆమె వెంటనే లేచింది. మెట్లు దిగి గేటు దాకా వెళ్లింది. అటు స్కూటర్లు, ఇటు స్కూటర్లు, ఎదురుగా మేడలు. అటూ ఇటూ చూసి చూసి తిరిగొచ్చి, పీట వెల్లకిలా వేసుకుని కూర్చుంది. ఎటు పోవాలో తెలియదు. ఆమె మీద నాకు కోపం రాదు. రావాలని చాలాసార్లు ప్రయత్నించాను.

రోజూ దీపాలవేళ గుమ్మంలో నిలబడి లీలను పిలుస్తాను. పలుకుతుంది. మొదట్లో మెట్ల మీద నుంచి పలికేది. తర్వాత గేటు బయట నుంచి. పోయిన వానాకాలానికి యూసఫ్‌గూడ రోడ్డు అవతల నుంచి వినిపించేది. ఒక్కోసారి బస్సుల మోతలో వినపడక మళ్లీ పిలుస్తాను. పిలవకపోతే ఇంకా దూరం వెళ్లిపోతుందేమోనని భయం. పిలిచినందుకే తిరిగి తిరిగి దూరమవుతోందేమోనని ఇంకో భయం.

నిన్న చాలాసేపు జవాబు రాలేదు. చివరికి వచ్చింది. దోమ రొద అంత సన్నగా.

"ఎటు రావాలక్కా? ఇక్కడంతా చీకటి..."

ఎటు అని చెప్పను?

వెనక గదిలో ఇప్పపూల వాసన గుప్పుమంది. తిరిగి చూశాను. పీట మీద ఆమె తల ఎత్తి గుమ్మం వైపు వింటోంది. ఆమె కూడా విందన్నమాట. మెల్లగా మెడలోంచి పూసలు తీసింది. ఏడాదిగా ఎవర్నీ ముట్టుకోనివ్వని పూసలు. ఒళ్లో పెట్టుకుంది. తర్వాత కొంచెం పక్కకు జరిగి, పీట మీద చోటు చేసి, అరచేత్తో తట్టింది.

నా మెడకన్నట్టు పూసలు పైకెత్తి, నా వైపే చూస్తోంది.